బరువుకు తగిన గాలి

నిన్న సాయంత్రం తిరుపతి బైపాసు మీద పెట్రోలు బంకులో మా కారుకు గాలి పట్టిస్తుంటే పక్కన ఒక పికప్ బండి వచ్చి ఆగింది. వెనక టమోటా పెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. డ్రైవరు దిగి వెనక టైరును అరచేత్తో తాకి, "అబ్బా, కాలిపోతా ఉండాది. కొంచెం గాలి తీసేయప్పా" అన్నాడు గాలి పట్టే అతనితో. అతను వాల్వులోకి పుల్ల పెట్టి నొక్కగానే బుస్సుమని గాలి బయటికి కొట్టింది. ఆ గాలితో పాటే వేడి రబ్బరు వాసన వచ్చి నా ముఖానికి తగిలింది. ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఊరుకోలేక పోయి, "తీయొద్దు నాయనా. వేడి మీద గాలి ఎక్కువగానే కనిపిస్తుంది. ఇప్పుడు తీస్తే చల్లారాక తక్కువైపోతుంది. అసలే బరువు మీద ఉన్నావు" అన్నాను. ఆ డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. జుట్టు నెరిసిన ఆడమనిషి, చేతిలో హ్యాండ్‌బ్యాగు, టైర్ల గురించి సలహాలు! "మీకెట్ట తెలుసు మేడం?" అన్నాడు నవ్వాపుకుంటూ. తెలిసిన మనిషి ఒకాయన చెప్పాడని మాత్రం అన్నాను. ఆయన పేరు మునస్వామి. పేరు చెప్పినా ఆ డ్రైవరుకు ఏమీ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను పాకాల దగ్గర ఒక ప్రైవేటు పాల డెయిరీలో రూటు సూపర్‌వైజరుగా చేరాను. తిరుపతిలో బి.ఎస్సీ. చదివి, కొన్నాళ్ళు ట్యూషన్లు చెప్పి, మా ఆయనకు ఉద్యోగం లేని రోజుల్లో దొరికిన పని అది. తెల్లవారుతుండగానే ఖాళీ క్యాన్లతో పికప్ బండి బయలుదేరుతుంది. పెనుమూరు దాకా పోయి, చుట్టుపక్కల ఊళ్ళ పాలన్నీ అక్కడి పాల కేంద్రంలో పోయించుకుని, ఎండ ముదరక ముందే డెయిరీకి చేరాలి. పాలలో నీళ్ళు కలిశాయేమో, పులిశాయేమో చూడటం నా పని. బండి నడపడం మునస్వామి పని. కాగితం మీద నేను ఆయనకు పై అధికారిని. నాకు ఇరవై ఆరేళ్ళు, ఆయనకు యాభైకి దగ్గర. సన్నటి మనిషి. నుదుట నామం, పైన రెండు గుండీలు లేని ఖాకీ చొక్కా. ఆ చొక్కా జేబులో ఎప్పుడూ గాలి కొలిచే గేజీ ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా స్టీరింగు పట్టుకున్నా దారిలో ఒక్క టైరు కూడా పేలని డ్రైవరని ఆ చుట్టుపక్కల ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు చాలా ఇష్టం. ఎవరైనా ఆ మాట ఎత్తితే తల వంచుకుని నవ్వేవాడు.

మొదటి రోజే నాకూ ఆయనకూ మాటా మాటా వచ్చింది. నేను ముందుసీట్లో ఎక్కి కూర్చుని గడియారం చూసుకుంటున్నాను. ఆయన మాత్రం ఒక్కో టైరు దగ్గరా గొంతుకూర్చుని గేజీ పెట్టి చూస్తున్నాడు. పక్కనే పంచరు షాపులో గాలి పట్టి, మళ్ళీ చూసి, మళ్ళీ కొంచెం తీసి, మళ్ళీ చూసి, పావుగంట గడిపాడు. "టైర్లు బాగానే కనిపిస్తున్నాయి కదన్నా. అందరూ కాలితో తన్ని చూసుకుని పోతారు" అన్నాను. నాకు తెలియని విషయం లేదనుకునే వయసు కదా. ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుని, "తంతే టైరు ఏం సెప్తాదమ్మా? నొప్పిగా ఉండాదని సెప్తాది. ఎన్ని పౌండ్లుండాదో సెప్పదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది కానీ నవ్వు ముందు వచ్చేసింది. ఆ రోజు నుంచి నేనూ దిగి పక్కన నిలబడటం మొదలుపెట్టాను.

అలా నిలబడే ఆయన దగ్గర గాలి లెక్క నేర్చుకున్నాను. ముందర ముప్పై అయిదు, వెనక యాభై. బండి కదలక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కదిలాక చూస్తే వేడికి అంకె పెరుగుతుంది, ఆ అంకె అబద్ధం. అది చూసి గాలి తీసేవాడు టైరును చేజేతులా చంపుకున్నట్టే. ఖాళీ క్యాన్లతో పోయేటప్పుడు వెనక యాభై పౌండ్లంటే బండి కంకర రోడ్డు మీద మేకపిల్లలా ఎగిరేది. నా నడుం విరిగిపోయేది. "పొయ్యేటప్పుడు ముప్పై అయిదు పెట్టుకుని, పెనుమూరులో గాలి పట్టించుకోవచ్చు కదా" అని అడిగాను. "పెట్టుకోవచ్చు. కానీ వచ్చేటప్పుడు ఇరవై రెండు క్యాన్ల పాలుంటాయి. గాలి ఆ బరువును సూసి పెట్టాల. ఆడ పంపు ఉంటాదిలే అనుకోని బయలుదేరితే, ఒగ పొద్దు ఆడ పంపు ఉండదు. అప్పుడేం జేస్తావు?" అన్నాడు. టైర్ల సంగతే కాదు, నాకు పని చేయడం వచ్చిందంటే అది ఆయన పక్కన నిలబడటం వల్లే. ఏ పనికైనా ముందు, ముగింపులో మీద పడే బరువు ఎంత అని ఆలోచించుకోవడం నాకు ఆయన వల్లే అలవాటైంది.

ఆయన మొండితనం గురించి ఒక సంగతి చెప్పాలి. సగం నిండిన క్యాన్లు దారంతా కుదుపులకు ఊగి ఊగి, డెయిరీ చేరేసరికి మూతలకు వెన్న ముద్దలు అంటుకునేవి. వెన్న తేలితే మిగిలిన పాలు పలచబడతాయి. మేనేజరు గారు ఒకరోజు ఆ మూత పట్టుకుని బయటికి వచ్చి, "మునస్వామీ, నువ్వు పాలు తెస్తున్నావా, మజ్జిగ చిలుకుతున్నావా? టైర్లలో ఆ గాలి తగ్గించు, బండి మెత్తగా పోతుంది" అన్నారు. మునస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు మాత్రం కట్టుకోలేదు. "క్యాను గొంతు దాకా నింపితే పాలు ఊగవు సార్. నాలుగు సగం క్యాన్లు తెచ్చేకంటే రెండు నిండు క్యాన్లు తెస్తాం. గాలి మాత్రం తీయను. తీయాల్నంటే వేరే డ్రైవరును పెట్టుకోండి" అన్నాడు. మేనేజరు గారు ముఖం ఎర్రగా చేసుకుని లోపలికి పోయారు. మర్నాటి నుంచి మేము క్యాన్లు గొంతుదాకా నింపించాం. వెన్న ఆగిపోయింది. ఆ మాట మేనేజరు గారు ఎప్పుడూ ఒప్పుకోలేదు, మరచిపోనూ లేదు.

అంతటి మనిషి నా కోసం మెత్తబడ్డాడు. చేరిన మరుసటి సంవత్సరం నేను కడుపుతో ఉన్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ వేసవి దాటితే ఖాయం చేస్తామన్నారు. కడుపుతో ఉన్నానని తెలిస్తే, "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో అమ్మా" అని మర్యాదగా పంపించేస్తారని నాకు తెలుసు. మా ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చీర కొంగు నిండుగా కప్పుకుని, పొద్దున్నే బండెక్కేదాన్ని. ఒకరోజు ఊరి బయట బండి ఆపించి కిందికి దిగి వాంతి చేసుకుని వచ్చాను. మునస్వామి మంచినీళ్ళ సీసా అందించి, రోడ్డు వైపే చూస్తూ, "మా యింట్లో ఇద్దరు బిడ్డలు పుట్టినారు అమ్మణ్ణీ. నాకు తెలీదా? నేనెవురికీ సెప్పనులే" అన్నాడు. అప్పటి దాకా 'అమ్మా' అనేవాడు. ఆ రోజు నుంచి అమ్మణ్ణి అయ్యాను.

మర్నాడు నా సీటు మీద రెండు గోతాలు మడిచి పరిచి ఉన్నాయి. గుంత కనబడితే ఎద్దుల బండి కంటే మెల్లగా పోనిచ్చేవాడు. దాంతో ఆలస్యం అయ్యేది, పాలు పులిసేవి, చీవాట్లు ఆయన తినేవాడు. అయినా నా నడుంనొప్పి తగ్గలేదు. అయిదో నెలలో ఒకరోజు కాస్త రక్తం కనబడింది. తిరుపతిలో డాక్టరమ్మ కుదుపులు తగలకూడదని గట్టిగా చెప్పింది. మర్నాడు నేనే నోరు తెరిచి అడిగాను. "పొయ్యేటప్పుడు వెనక గాలి కొంచెం తగ్గించన్నా. పెనుమూరులో క్యాన్లు ఎక్కించక ముందే పట్టించుకుందాం." ఆయన టైర్ల వైపు చూశాడు. గేజీ జేబులో నుంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, "సరే అమ్మణ్ణీ. కానీ ఒగ మాట. పెనుమూరులో గాలి పట్టకుండా క్యాను ఎక్కించేది లేదు. ఎవురు సెప్పినా సరే" అన్నాడు. సరేనన్నాను. ఖాళీ బండికి ముప్పై అయిదు, పెనుమూరులో యాభై. మూడు వారాలు అలాగే జరిగింది. నా నొప్పి తగ్గింది. పెనుమూరు పంచరు షాపు వాడు మమ్మల్ని చూడగానే గొట్టం పట్టుకుని ఎదురొచ్చేవాడు.

మే నెల కత్తిరి ఎండలు మొదలయ్యాయి. ఆ రోజు మేము పెనుమూరు చేరేసరికి కరెంటు లేదు. పంచరు షాపు వాడు చేతులు తిప్పి చూపించాడు. ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. పాల కేంద్రం దగ్గర క్యాన్లు ఎండలో వరసగా ఉన్నాయి. మునస్వామి బండిని చెట్టు నీడకు తీసి, ఇంజను ఆపి, దిగి నిలబడ్డాడు. గంట గడిచింది. పాలు వాసన పడుతున్నాయని కేంద్రం వాళ్ళు నా మీద గొణగడం మొదలుపెట్టారు. ఆ వారంలో అప్పటికే రెండుసార్లు పాలు పులిశాయి. మూడోసారి పులిస్తే సూపర్‌వైజరు మీద కాగితం రాస్తానని మేనేజరు గారు అని ఉన్నారు. "పోదాం పదన్నా" అన్నాను. "సగం క్యాన్లు ఈడనే పెట్టి పోదాం అమ్మణ్ణీ. సగం తీస్కపోయి మళ్ళీ వస్తా. సగం బరువుకైతే ఈ గాలి సాలు" అన్నాడు. అది ఎంత సరైన మాటో నాకు తెలుసు. కానీ వదిలేసిన సగం పాలు పాడవుతాయి. ఎందుకు వదిలారని అడుగుతారు. గాలి ఎందుకు తక్కువుందని అడుగుతారు. అక్కడి నుంచి నా కడుపు దాకా ప్రశ్నలు వస్తాయి. "అన్నీ ఎక్కించు. మెల్లగా పోదాం" అన్నాను. ఆయన కదల్లేదు. "మాట ఇచ్చినావు గదా అమ్మణ్ణీ" అన్నాడు. నలుగురి ముందు అలా అనేసరికి నాకు తల కొట్టేసినట్టైంది. "సూపర్‌వైజరు నేనా, నువ్వా?" అని అరిచాను.

ఆయన ఇరవై రెండు క్యాన్లూ ఎక్కించాడు. నేను మళ్ళీ గోతాల మీద కూర్చున్నాను. ఆయన మెల్లగానే నడిపాడు. మధ్యలో రెండుసార్లు ఆపి టైర్లు చూశాడు. రెండోసారి చేత్తో తాకి, ఆ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోవడం నేను అద్దంలో చూశాను. చూసి కూడా గడియారం వైపే చూసుకున్నాను. మరో రెండు మైళ్ళు పోయాక, పల్లం దిగి మలుపు తిరిగే చోట వెనక ఎడమ టైరు పేలింది. బండి నా వైపుకు, లోయలాంటి వాగు వైపుకు లాగేసింది. మునస్వామి పళ్ళు బిగించి స్టీరింగు కుడికి తిప్పడం, ఆయన వైపు తలుపు మట్టిగట్టుకు రాసుకుంటూ పోయి ఆగడం, అంతా ఒక్క క్షణంలో జరిగింది. నాకు గాజులు పగిలి చేతికి గీరుకున్నాయి, అంతే. ఆయన కుడి మోచెయ్యి వేరే వైపుకు తిరిగి ఉంది. వెనక క్యాన్లు దొర్లిపోయి రోడ్డంతా తెల్లగా పాలు పారుతున్నాయి. ఆయన ముందు అడిగిన మాట, "కడుపులో నొప్పేమన్నా ఉండాదా అమ్మణ్ణీ?"

ఆయన పుత్తూరు పోయి విరిగిన ఎముకకు కట్టు వేయించుకుని మూడో రోజు డెయిరీకి వచ్చాడు. మేనేజరు గారి గదిలో ఆయన, నేను, మేనేజరు గారు, ముగ్గురమే ఉన్నాం. "పద్దెనిమిదేళ్ళు గొప్పలు చెప్పుకున్నావే. గాలి తగ్గించమని నేనంటే వేరే డ్రైవరును పెట్టుకోమన్నావు. ఇప్పుడు ఎవరు తగ్గించమన్నారు?" అని అడిగారు మేనేజరు గారు. మునస్వామి, "ఎవురూ అనలేదు సార్. గాలి తక్కువుందని తెలిసి బండి తీసినాను. నాదే తప్పు" అన్నాడు. మేనేజరు గారు నా వైపు తిరిగారు. "నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా. నువ్వేమంటావు?" ఒక్క మాట చాలు. నేను చెప్పాను సార్, నేనే ఎక్కించమన్నాను. అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఖాయం కావలసిన ఉద్యోగం, ఇంట్లో ఖాళీగా కూర్చున్న మా ఆయన, పుట్టబోయే బిడ్డ, అందరూ కలిసి నా గొంతు నొక్కారని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరూ నొక్కలేదు. నేనే నొక్కుకున్నాను. "బండి సంగతి నాకు తెలియదు సార్" అన్నాను. గేజీ పట్టుకుని ఏ టైరుకు ఎంత కావాలో నిద్రలో కూడా చెప్పగలిగినదాన్ని అన్న మాట అది. మునస్వామి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కట్టు కట్టిన చేత్తోనే దణ్ణం లాంటిది పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

ఆయన్ని తీసేశారు. నన్ను ఖాయం చేశారు. కూతురు పుట్టింది, చక్కగా పుట్టింది. టైరు చూసుకోని డ్రైవరని ఆయనకు పేరు పడింది. ఆ ప్రాంతంలో పాలబండి గానీ మామిడికాయల బండి గానీ ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఆ సంగతులు నాకు ఎప్పటికప్పుడు చెవిన పడుతూనే ఉన్నాయి. విని, పనిలో తల దూర్చేసేదాన్ని.

నాలుగైదేళ్ళ తర్వాత డెయిరీ జీపులో శ్రీకాళహస్తి పోయాను. ఊరి మొదట్లో ఒక పంచరు షాపు ముందు స్టూలు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి పూర్తిగా చాచడం రాదని చూడగానే తెలిసింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మణ్ణీ! బిడ్డ ఎట్టుండాది? ఏం సదువుతా ఉండాది?" అన్నాడు. చెప్పాను. గాలి చూడమని నేను అడగలేదు, ఆయనే జీపు చుట్టూ తిరిగి, "ఎండలో వచ్చినారు. టైర్లు సల్లారాల. ఒగ గంట కూర్చోండి, సూసి పెడతా" అన్నాడు. నాకు టీ తెప్పించాడు. జీపు డ్రైవరు భోజనానికి పోయాడు. ఆ గంటంతా మేమిద్దరమే ఉన్నాం. కావలసినంత సమయం ఉంది, వినడానికి మూడోమనిషి లేడు. ఆయన వర్షాల గురించి, పెద్దకొడుకు పెళ్ళి గురించి మాట్లాడాడు. నేను టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఊఁ కొట్టాను. టైర్లు చల్లారాయి. ఎడమ చేత్తో గేజీ పెట్టి చూశాడు, గాలి సరిచేశాడు. నేను జీపెక్కాను. ఇంత పిరికిదాన్నని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంకో ఏడేళ్ళకు మునస్వామి పోయాడని నాకు ఆలస్యంగా తెలిసింది. కర్మలు కూడా అయిపోయాయి. ఈసారి మాత్రం ఆగలేదు. పాకాలలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ వాళ్ళ ఊరికి నడిచి వెళ్ళాను. ఆయన భార్య రాజమ్మ వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పి, ఎదురుగా నేల మీద కూర్చుని, అంతా చెప్పేశాను. కడుపుతో ఉన్నది, గాలి తీయించింది, కరెంటు లేనిది, నలుగురి ముందు అరిచింది, మేనేజరు గారి గదిలో అబద్ధమాడింది. ఒక్క ముక్క కూడా దాచలేదు. చెబుతుంటే నా గుండెల మీద నుంచి రాయి దించినట్టే అనిపించింది. ఏడ్చాను కూడా. రాజమ్మ చేతులు మొదట్లో ఒలుస్తూనే ఉన్నాయి. గది సంగతి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాయి.

"నువ్వు కడుపుతో ఉండావని కూడా ఆయన నాకు సెప్పలా" అంది. "ఎవురికీ సెప్పనని నీకు మాట ఇచ్చినాడేమో." ఒళ్ళోని పొట్టు దులపడం మొదలుపెట్టి, మానేసింది. "పది పన్నెండేండ్లమ్మా. ఇంట్లో ఏది లేకపోయినా ఆ టైరు మాటే ఎత్తేదాన్ని. ఒగ్గ టైరు సూసుకోలేక బంగారట్లా పని పోగొట్టుకున్నావని. అన్నం పెడతా పెడతా అనేదాన్ని. బిడ్డల ముందర అనేదాన్ని. మంచాన పడినాక కూడా అన్నాను. తల వంచుకోని తినేవాడే గానీ, ఒగ్గ దినం నోరు తెరవలా."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, నా ముఖంలోకి చూసి అడిగింది. "ఇంగ ఆయన లేడు గదమ్మా. ఇప్పుడు నాకెందుకు సెప్పినావు?"

ఏం చెప్పను? నా బరువు దించుకోవడానికి వచ్చానని చెప్పాలి. అదే నిజం. అది ఎవరి మీద పడుతుందో దారిలో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మునస్వామి దగ్గర ఏం నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకుంటానో, అదే ఆ రోజు మరిచిపోయి వెళ్ళాను. తిరుగు బస్సు కోసం నడుస్తూ వెనక్కి చూస్తే, ఆమె శెనక్కాయలు ముట్టుకోకుండా అలాగే కూర్చుని ఉంది. నాకైతే ఆలస్యంగానైనా పోయి చెప్పుకోవడానికి రాజమ్మ ఉంది. రాజమ్మకు ఎవరున్నారు?